జానెడు అతుకు

అమ్మాయి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు దానంతటదే ఆగిపోయేది.

కిటికీ పక్కన మిషన్, మిషన్‌కి ఎదురుగా బల్ల. తెర వెలగగానే లోపల నూతిలో ఉండే నలుపు, ఆ నలుపులో గాలికి ఊగుతున్నట్టు నీలం దారాలు. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఇదేమిటమ్మడూ, దారం ఉండ చిక్కు పడినట్టుంది?" అని అడిగింది.

"చిక్కు కాదమ్మా, నాన్న గని," అంది అమ్మాయి.

ఇరవై ఆరేళ్ళ కిందట మూసేసిన గని. మూసేశాక అడుగు నుంచి నోటిదాకా నీళ్ళు నిండిపోయిన గని. హమ్మయ్య, పీడ వదిలిందని ఆవిడ ఎప్పుడో మనసులోంచి తుడిచేసుకున్న గని. అది ఇప్పుడు తన వంటింట్లో, ఉప్పు డబ్బాకీ టీ కప్పుకీ మధ్య, నీలంగా వెలుగుతూ నెమ్మదిగా తిరుగుతోంది.

అమ్మాయి పని సొరంగాలు కొలవడం. కొండకి అవతలున్న జలాశయం నుంచి ఇవతలి ఊరికి నీళ్ళు తేవడానికి కొత్త సొరంగం తవ్వుతున్నారు. దాంట్లో అమ్మాయి ముక్కాలి స్టాండు మీద ఒక యంత్రాన్ని నిలబెడుతుంది. అది తల తిప్పుకుంటూ, కాంతితో గోడలన్నీ తడుముకుంటూ లక్షల చుక్కలు ఏరుకొస్తుంది. ఆ చుక్కలన్నీ కలిపి సాఫ్ట్‌వేర్ సొరంగాన్ని తెర మీద కడుతుంది. అదంతా నారింజ రంగులో ఉంటుంది. నీళ్ళల్లో మునిగిన పాత గనిలోకి మాత్రం ఏ యంత్రమూ వెళ్ళలేదు. అందుకని అమ్మాయి గని ఆఫీసు బీరువాల్లోంచి పాత కొలతల పుస్తకాలు ఇంటికి మోసుకొచ్చి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత పొడవు, ఏ దిక్కుకి, ఎంత వాలు అని ఒక్కో వరుసా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తోంది. ఒక వరుస ఎక్కితే నీలం దారం ఒక మూర సాగుతుంది.

చెరిగిపోయిన అంకెలు చదివిపెట్టేది తండ్రి. ఆయన ఆ గనిలో టేపు పట్టిన మనిషి. సర్వేయరు యంత్రంలోంచి చూస్తుంటే, ఈయన టేపు సున్నా కొస పట్టుకుని చీకట్లోకి నడిచి వెళ్ళేవాడు. ఆయన చెయ్యిపెట్టిన కొలత అంగుళం కూడా తేడా రాదని గనిలో వాళ్ళు ఆయనకి 'అంగుళం' అని పేరు పెట్టారు. గని పోయినా పేరు పోలేదు. ఇప్పటికీ రోడ్డు మీద ఎదురైతే, "ఏం అంగుళం బాబాయ్, టీ తాగావా?" అనే అడుగుతారు. ఆ మాట వింటే ఆయన నడుము కొంచెం నిటారవుతుంది.

ఇక ఆవిడ సంగతి. కొందరికి ఆకలి ఎక్కువ, కొందరికి నిద్ర ఎక్కువ, ఆవిడకి భయం ఎక్కువ. అమ్మాయి సంచిలో టార్చి పెట్టేది. అది ఆరిపోతేనో అని రెండోది, రెండూ తడిసిపోతేనో అని మూడోది. ఒకసారి అమ్మాయి ఫోను నలభై నిమిషాలు కలవకపోతే సొరంగం ఆఫీసుకి పదకొండుసార్లు ఫోన్ చేసింది. పన్నెండోసారి పెద్ద సర్వేయరు తానే ఎత్తి, "మీ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుని బిస్కెట్లు తింటోందండీ, మాట్లాడతారా?" అన్నాడు. అప్పటి నుంచి ఆఫీసులో ఆవిడ ఫోన్ మోగితే 'అమ్మగారి సైరన్' అనేవాళ్ళు. అమ్మాయి ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వితే ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే నాలుగో టార్చి ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించింది.

ఆ రోజు పొద్దున్న అమ్మాయి ఆఖరి పుస్తకంలో ఆఖరి వరుస ఎక్కించింది. నీలం దారం ఒక్క క్షణం వణికి, తన మొదటి కొసను తానే ముట్టుకుంది. తెర మూలన ఆకుపచ్చ దీపం వెలిగింది.

"నాన్నా, చుట్టు కలిసింది," అంది అమ్మాయి.

"ఎంతలో?"

"బెత్తెడు తేడా. గనిలోకి దిగే పాత బావి దగ్గర బయలుదేరి, అట్టడుగు దారిలో ఏడొందల మీటర్లు లోపలికి వెళ్ళి, వేరే దారిలో తిరిగి అదే బావి దగ్గరికొచ్చారు. అంతా కలిపి బెత్తెడు."

ఆయన టీ కప్పులోకి చూసుకుంటూ ముసిముసిగా నవ్వుకున్నాడు. "ఊరికే అన్నారా మరి అంగుళం అని."

"మొదలెట్టారండీ," అంది ఆవిడ మిషన్ దగ్గర నుంచి. కానీ ఆవిడకీ ముచ్చటేసింది. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

అమ్మాయి వేలితో తెరని తిప్పింది. నీలం వల పక్కకి ఒరిగింది. దాని వెనక నుంచి నారింజ సొరంగం పొద్దుటి వెలుగులా మెల్లగా బయటికొచ్చింది. రెండూ ఒకచోట దగ్గరగా వచ్చి, ముట్టుకోకుండా తప్పుకుని ఎవరి దారిన అవి పోయాయి. ఆ దగ్గర చోట ఒక చిన్న తెల్ల గీత, దాని మీద పదకొండు అని అంకె.

"ఇదేమిటి?" అంది ఆవిడ లేచి వచ్చి.

"మన సొరంగానికీ నాన్న గనికీ మధ్య మిగిలే రాయి. ఇక్కడ పంపులు పెట్టడానికి పక్కకి ఎనిమిది మీటర్ల గది తవ్వుతున్నాం. గది తవ్వేశాక కూడా మధ్యలో పది మీటర్ల రాయి మిగలాలని రూలు. మనకి పదకొండు మిగులుతోంది."

"ఆ నీళ్ళకి తెలుసా రూలు పది అని?"

"అమ్మా."

"సరే, నేనేం అనలేదు. ఎప్పుడు తవ్వుతారు?"

"రేపు పొద్దున మందు పెట్టి పేలుస్తారు. పొగ పోగానే నేను వెళ్ళి కొలవాలి. ఇప్పుడే వణకడం మొదలుపెట్టకు. ఆకుపచ్చ దీపం వచ్చిందంటే పుస్తకం నిజం చెప్పినట్టు."

అమ్మాయి లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది. బల్ల మీద ఉప్పు డబ్బా, టీ కప్పు మళ్ళీ మామూలువైపోయాయి. ఆవిడ మిషన్ ముందు కూర్చుంది. కానీ ఏదో పొడుస్తోంది. కుట్టి ఇచ్చేసిన చొక్కాలో సూది మరిచిపోయినట్టు, ఏ చొక్కాలోనో గుర్తురానట్టు.

మధ్యాహ్నం ఆయన పేకాటకి పక్కింటికి వెళ్ళాడు. ఆవిడ సొరంగం కూలీల కోట్లకి వెలుగు పడితే మెరిసే పట్టీలు కుడుతోంది. నలభై కోట్లు. ఇరవై రెండో కోటు దగ్గర కిటికీలోంచి ఎండ వచ్చి పట్టీ మీద పడింది, పట్టీ మీద నుంచి ఆవిడ కళ్ళల్లో పడింది. కాలు తొక్కుడు మీద ఉండగానే ఆవిడకి రెప్పలు వాలిపోయాయి.

నీలంగా ఉంది అంతా. ఆవిడ మెడలోతు నీళ్ళల్లో నడుస్తోంది గానీ చీర తడవడం లేదు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగిన అంగుస్తాను చిన్న దీపంలా వెలుగుతోంది. ఆ వెలుగులో రాతి గోడలకి కుట్లు కనిపిస్తున్నాయి, కొండని ఎవరో లోపలి వైపు నుంచి కుట్టినట్టు. ముందు ఒక పిల్ల నడుస్తోంది. మోకాళ్ళ కిందిదాకా వేలాడే గౌను, మోచేతులు దాటిన చేతులు. తాను కుట్టిన గౌనే. పిల్ల చేతిలో టేపు సున్నా కొస. టేపు ఆవిడ వేళ్ళలోంచి జారిపోతోంది. చూడక్కర్లేదు, అంకెలు వేళ్ళకే తెలుస్తున్నాయి. ఏడు మీటర్లు, ఏడూ ఇరవై, ఏడూ నలభై. తర్వాత అంకెలు లేవు. గరుకు గుడ్డ. ఒట్టి గుడ్డ. అది వస్తూనే ఉంది, చొక్కా చెయ్యంత, తలుపంత, వీధంత. "చాలమ్మడూ, ఆగు," అంటోంది ఆవిడ. పిల్ల వెనక్కి చూడకుండానే, "టేపు ఇంకా ఉందిగా అమ్మా," అంటోంది. గుడ్డ అంచున కుట్లు తగిలాయి. ప్రతి కుట్టు చివరా మూడు ముడులు. ముడి ఊడితేనో అని రెండోది, రెండోది ఊడితేనో అని మూడోది. అలా కుట్టేది ఈ లోకంలో ఒక్కతే. అప్పుడు గోడకి అవతలి వైపు నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు రాతిని కొడుతున్నారు. టక్. టక్. టక్.

మెలకువ వచ్చింది. ఖాళీ సూది కోటు మీద టక టక ఆడుతోంది. కాలు తొక్కుతూనే ఉంది.

ఏ చొక్కాలో సూది మరిచిపోయిందో ఆవిడకి గుర్తొచ్చింది.

ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. అమ్మాయి కడుపులో ఆరో నెల. ఆయన పనిలోంచి వచ్చి, చొక్కా లోపల దాచుకున్న టేపు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. మైనం పట్టించిన గుడ్డ టేపు, ఇరవై మీటర్లది. దీపం మంట తగిలి మధ్యలో పది సెంటీమీటర్లు కాలిపోయింది. సర్వేయరుకి తెలిస్తే టేపు పట్టే పని పోతుంది, బండలు మోసే పని పడుతుంది. "పోయింది పది. సరిగ్గా అంతే ముక్క వెయ్యి," అన్నాడు. ఆవిడ సరిగ్గా అంతే ముక్క ఎలా కత్తిరిస్తుంది? ఏ దర్జీ కత్తిరిస్తుంది? రెండు వైపులా కుట్టులోకి పోయే గుడ్డ వదలాలి కదా. జానెడు ముక్క కత్తిరించింది. తీరా కుట్టబోతే అంచులు లోపలికి మడిచినచోట మందమైంది. మందమైతే టేపు పెట్టెలో ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే మళ్ళీ చిరుగుతుంది, చిరిగితే ఈయన పని పోతుంది, పని పోతే కడుపులో బిడ్డ గతేమిటి? అంతదూరం భయపడి మడతలు విప్పేసింది. పలచగా, చదునుగా, కొసకి కొస ఆనించి కుట్టేసింది. లోపలికి పోవాల్సిన గుడ్డ పొడవులో కలిసిపోయింది. వదులుగా ఉంటే ఫరవాలేదు, బిగువైతేనే చిరుగుతుందని అనుకుంది. ఆయన దాని మీద దీపం నూనె, బొగ్గు పొడి రుద్ది నల్లగా చేశాడు. ఆ టేపుతోనే అట్టడుగు దారులన్నీ కొలిచారు. ఆ మరుసటేడు గని మూతపడింది.

ఆవిడ మంచం కింద నుంచి ఆయన పాత పనిముట్ల పెట్టె లాగింది. గుండ్రటి తోలు డబ్బాలో టేపు అలాగే ఉంది. లాగింది. ఏడు మీటర్ల నలభై దగ్గర అంకెలు ఆగాయి. అతుకు అయ్యాక ఏడు మీటర్ల యాభై అని మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో అతుకుని తన టేపుతో కొలిచింది. పది ఉండాల్సిన చోట ఇరవై అయిదు. మళ్ళీ కొలిచింది. ఇరవై అయిదే.

ఒక టేపుకి పదిహేను ఎక్కువ. ఏడొందల మీటర్లలో ఇరవైలు ఎన్ని? కోటు గుడ్డ మీదే సుద్దతో గీతలు గీసింది. ముప్పై అయిదు గీతలు. ముప్పై అయిదు పదిహేనులు. అయిదు మీటర్ల పాతిక. పుస్తకం ఏడొందలని రాసుకున్న చోట ఆయన నిజంగా ఏడొందల అయిదు నడిచాడు. ఆ నీళ్ళు అమ్మాయి సొరంగం వైపు అయిదు మీటర్ల పాతిక దగ్గరగా ఉన్నాయి. పదకొండులో అది పోతే ఆరు కూడా లేదు.

ఆయన పేకాట నుంచి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే టేపు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ముందు టేపుని చూశాడు, తర్వాత ఆవిడ మొహం చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి గేటు గడియ పెట్టాడు.

"దాన్నెందుకు తీశావు?"

"అతుకు పెద్దదయిందండీ. పదిహేను ఎక్కువ."

"ఇరవై ఏడేళ్ళకి గుర్తొచ్చిందా?"

"కల్లో వచ్చింది."

"కల్లో," అన్నాడాయన. అరుగు మీద కూలబడ్డాడు. "కల్లో వచ్చిందని సొరంగం ఆపమంటావు. అంగుళం అంగుళం అన్న వాళ్ళందరూ రేపు నన్ను చూసి ఏమంటారు?"

"జానెడు అంటారు," అంది ఆవిడ. అనుకోకుండా వచ్చేసింది నోట్లోంచి.

ఆయనకి నవ్వు రాలేదు. "నేను పది వెయ్యమన్నాను. కుట్టిందెవరు?"

"కాల్చిందెవరు?"

పక్కింటి వాళ్ళ కుళాయి కింద బకెట్ నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయనే మెల్లగా అన్నాడు, "నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు. కొలత తప్పయితే చుట్టు ఎలా కలుస్తుంది? ఆకుపచ్చ దీపం నువ్వూ చూశావుగా. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలీదా, నీకు తెలుసా?"

నిజమే కదా. అయిదు మీటర్లు తప్పితే దారం కొసలు బెత్తెడులో ఎలా కలుస్తాయి? తాను చదివింది ఏడో తరగతి. ఇన్నేళ్ళుగా ఏ భయం నిజమైంది గనక? లోపలికి వచ్చి టేపు మళ్ళీ పెట్టెలో పెట్టబోయింది. పెట్టె అడుగున ఏదో మెత్తగా తగిలింది. పనిముట్లు ఒరుసుకోకుండా ఆయన పరిచిన పాత గుడ్డ. విప్పి చూస్తే అమ్మాయి బడి గౌను. ఒళ్ళో పరుచుకుని అలవాటుగా కుట్లు తడిమింది. భుజానికి భుజం, చంకకి చంక, అంచుకి అంచు, ఎక్కడా దారం మందం తేడా లేదు. ఇంత చక్కగా కలిసిన గౌనులో ఆ పిల్ల కర్రకి గుడ్డ తగిలించినట్టు ఉండేది.

ఆవిడ టేపూ గౌనూ సంచిలో వేసుకుంది. "నేను వెళ్తున్నానండీ," అంది. ఆయన తలెత్తలేదు.

సొరంగం నోటి దగ్గర రేకుల గది ఆ ఆఫీసు. బయట బురద బూట్ల వరుస, లోపల చిలక్కొయ్యలకి పసుపు టోపీలు. గోడంత తెర మీద అదే నీలం వల, అదే నారింజ సొరంగం, ఇంట్లో చూసినదానికి పదింతలుగా తిరుగుతున్నాయి. బస్సులో ఊపిరి బిగబట్టి వచ్చిన ఆవిడకి కలలోంచి ఇంకా లేవలేదేమో అనిపించింది.

పెద్ద సర్వేయరు కుర్చీ లాగి వేశాడు. "రండి పిన్నిగారూ. ఈసారి సైరన్ స్వయంగా వచ్చిందే?"

అమ్మాయి మొహం ఎర్రబడింది. "అమ్మా, ఇక్కడికెందుకొచ్చావు? ఫోన్ చెయ్యచ్చుగా?"

"ఫోన్‌లో అయితే నవ్వి పెట్టేస్తారని," అంది ఆవిడ. కూర్చోలేదు. టేపు తీసి బల్ల మీద పెట్టింది. కాలిన సంగతి, కుట్టిన సంగతి, పదిహేను సంగతి, తడబడకుండా చెప్పింది. ఆయన పేరు వచ్చినచోట మాత్రం గొంతు తగ్గించింది.

పెద్ద సర్వేయరు శ్రద్ధగానే విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. "మీ భయం అర్థమైంది పిన్నిగారూ. కానీ చుట్టు కలిసింది. కొలతలు తప్పయితే కలవదు. సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది."

"ఒక్క కొలత తప్పయితే కలవదు బాబూ," అంది ఆవిడ. "అన్నీ ఒకే టేపుతో కొలిస్తే?" గౌను తీసి బల్ల మీద పరిచింది. "చూడండి, ముందు ముక్క వెనక ముక్క ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. కుట్లన్నీ కలిశాయి. ఎందుకంటే రెండు ముక్కలూ నేను ఒకే కొలతతో కత్తిరించాను. ఆ కొలత పెద్దదైతే రెండూ కలిసే పెద్దవవుతాయి. గౌనుకేం తెలుసు? అది తనలో తాను సరిగ్గానే ఉంటుంది. ఒంటికి తొడిగితే తెలుస్తుంది."

పెద్ద సర్వేయరు గౌను వైపు చూశాడు. అమ్మాయి గౌను వైపు చూడలేదు. తెర మీద ఆకుపచ్చ దీపాన్ని చూస్తోంది.

"ఇది వేసుకుంటే బళ్ళో నన్ను గుడారం అనేవాళ్ళు," అంది మెల్లగా. తర్వాత లేచి, గోడకున్న ఉక్కు టేపు తీసుకుని నేల మీద సాగదీసింది. దాని పక్కన నల్లటి గుడ్డ టేపు పరిచింది. వంగి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూసింది. గుడ్డ టేపు ఇరవై అన్నచోట ఉక్కు టేపు ఇరవై మీటర్ల పదిహేను అంది.

"బావి నోరు ఒక్కటే నేను ఉపగ్రహంతో కొలిచింది," అంది అమ్మాయి తనలో తాను అనుకుంటున్నట్టు. "అక్కడి నుంచి అన్నీ ఈ టేపు మీదే వేలాడుతున్నాయి. బయలుదేరింది అక్కడే, తిరిగొచ్చింది అక్కడే. కలవక ఏం చేస్తుంది?"

కుర్చీలో కూర్చుని, పాత కొలతలన్నిటినీ గుణించే గడి తెరిచింది. అంతవరకూ అందులో ఒకటి అని ఉంది. దాన్ని చెరిపి ఒకటి పాయింటు సున్నా సున్నా ఏడు అయిదు అని కొట్టింది. వేలు మీట మీద ఒక్క క్షణం ఆగి నొక్కింది.

గోడ మీద నీలం వల ఊపిరి పీల్చుకుంది. చప్పుడు లేదు. నిద్రపోయే మనిషి ఛాతీలా ప్రతి దారమూ కొంచెం కొంచెంగా సాగి, పొంగి, బావి దగ్గర కదలకుండా, బావికి దూరమయ్యేకొద్దీ ఎక్కువగా, ముందుకి వచ్చింది. ఆకుపచ్చ దీపం అలాగే వెలుగుతోంది. తెల్ల గీత పొట్టిదవుతూ వచ్చి ఆగింది. దాని మీద అయిదూ ముక్కాలు.

కెటిల్‌లో నీళ్ళు కాగి, అది దానంతటదే ఆరిపోతూ టిక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. పెద్ద సర్వేయరు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఫోన్ ఎత్తాడు. "రేపటి పేలుడు ఆపండి. లేదు, వాయిదా కాదు. ఆపండి. పక్కకి సన్న రంధ్రం వేసి చూశాకే ఏదైనా. నీళ్ళకి మూత పెట్టే పైపు బిగించే వెయ్యాలి." అవతలి నుంచి ఏదో అడిగారు. "ఎవరు చెప్పారా?" అని ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"నేను చెప్పానని చెప్పండి," అని గుమ్మం దగ్గర నుంచి వినిపించింది.

తలుపులో ఆయన నిలబడి ఉన్నాడు. తరవాతి బస్సుకి వచ్చినట్టున్నాడు. తల మీద పాత గని టోపీ, ఇరవై ఆరేళ్ళ తర్వాత. "టేపు పట్టింది నేను. కాల్చింది నేను. దాచమన్నదీ నేనే. ఆవిడ కుట్టింది అంతే."

"కుట్టింది తప్పుగా," అంది ఆవిడ.

"అదీ నేనే చెప్పాలా?" అన్నాడాయన. అమ్మాయి లేచి వెళ్ళి తండ్రి టోపీ కొంచెం సరిచేసింది.

మర్నాడు పొద్దున రంధ్రం వేశారు. ఆవిడని ఆఫీసులో కూర్చోనిచ్చారు. కూర్చోనివ్వకపోయినా కూర్చునేదే. ఆయన పక్కనే, టోపీ ఒళ్ళో పెట్టుకుని. గోడ మీద నారింజ సొరంగం పక్క నుంచి సన్నటి ఎర్ర గీత ఒకటి, మీటరు తర్వాత మీటరు, నీలం వైపు నడుస్తోంది. పాత లెక్క ప్రకారం, గదికి ఎనిమిదీ రాయికి పదకొండూ కలిపి, నీళ్ళు పంతొమ్మిదో మీటరు దగ్గర తగలాలి. పది. పదకొండు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుందో ఆయనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడో తెలీదు. పన్నెండు. పదమూడు. పదమూడూ ముక్కాలుకి ఇంకా జానెడు ఉందనగా ఎర్ర గీత ఆగింది. ఫోన్ మోగింది. పెద్ద సర్వేయరు విని, పెట్టేసి, "తగిలింది. మూత బిగించారు. అందరూ బాగానే ఉన్నారు," అన్నాడు. తర్వాత ఆవిడ దగ్గరికి వచ్చి, "పిన్నిగారూ, ఇకమీదట మీ ఫోన్ మోగితే మొదటిసారికే ఎత్తుతాను," అన్నాడు.

"ఎత్తితే ఎత్తారు గానీ, సైరన్ అనడం మానకండి. అలవాటైపోయింది," అంది ఆవిడ.

మధ్యాహ్నానికి అమ్మాయి పైకి వచ్చింది, మోకాళ్ళదాకా బురద. చేతిలో మంచినీళ్ళ సీసా, దాన్నిండా గని నీళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా వెలుగు చూడని నీళ్ళు అంత తేటగా ఉంటాయని ఎవరూ అనుకోలేదు. కిటికీ గట్టు మీద పెడితే బల్ల మీదికి చిన్న నీలం నీడ పడింది. ఆయన సీసాని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు, పాత స్నేహితుడు చెప్పకుండా వచ్చి కూర్చుంటే చూసినట్టు.

"మూత గట్టిగా పెట్టావా?" అంది ఆవిడ.

"పెట్టానమ్మా."

అమ్మాయి తెర ముందు కూర్చుంది. మార్చిన అంకెకి కారణం రాయమని సాఫ్ట్‌వేర్ గడి చూపిస్తోంది. కారణం రాయందే పటం భద్రం చెయ్యదట. అమ్మాయి పైకి చదువుతూ కొట్టింది. "టేపులో అతుకు. పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ. కుట్టినవారు, కనిపెట్టినవారు, మా అమ్మ."

"కాల్చింది ఎవరో కూడా రాయి," అన్నాడు ఆయన.

"రాస్తున్నా నాన్నా. అంగుళం అని రాయనా, అసలు పేరు రాయనా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "అంగుళం అనే రాయి. అసలు పేరంటే ఎవరికీ తెలీదు."

పటం భద్రమైంది. నీలం వల మునుపటికంటే ఒక చుట్టు వదులుగా, తొందరేం లేనట్టు తిరుగుతోంది. కొత్త గది ఎక్కడ తవ్వాలో చూడటానికి రేపు మళ్ళీ లోపలికి వెళ్ళాలని అమ్మాయి అంటోంది. వింటూనే ఆవిడ అమ్మాయి సంచి దగ్గరికి లాక్కుంది. మూడు టార్చిలూ తీసి ఒక్కోటీ వెలిగించి చూసి, మూడోదానికి బ్యాటరీలు మార్చింది.